ఎస్‌యూవీకి పెద్ద అలాయ్ వీల్స్: సైజు, లోడ్, ఆఫ్‌సెట్ చూస్కుని సరైనవి ఎలా ఎంచుకోవాలి

క్రెటాకి 18 అంగుళాల రిమ్ములు పడతాయా, ఫార్చ్యూనర్‌కి 20 వేస్తే ఏమన్నా అవుతుందా, బేస్ మోడల్ కొన్నా 16 నుంచి 17కి మార్చుకోవచ్చా... ఇవే ప్రశ్నలు తిప్పి తిప్పి అడుగుతున్నారు, అందుకే మొత్తం ఒక్కచోట రాస్తున్నా. ఇది రోజూ రోడ్డు మీద తిరిగే బండి కోసం, అంటే ఆఫీసు, స్కూలు, పండక్కి ఊరు, ఎప్పుడన్నా శ్రీశైలం ఘాట్ ఇలాంటి వాడకానికి. ఆఫ్‌రోడ్ కోసం బండి తయారు చేసుకునేవాళ్ల లెక్కలు వేరు, అవి ఇందులో కలపట్లేదు.

నా మాట ముందే చెప్పేస్తా. మన రోడ్లకి కంపెనీ ఇచ్చిన సైజు మీద ఒక అంగుళం పెంచితే చాలు, రెండు అంగుళాలు ఫార్చ్యూనర్ లాంటి పెద్ద బండ్లకి మాత్రమే, మూడు అసలు వద్దు. రిమ్ము ఎంత పెంచినా టైరుతో కలిపి చక్రం మొత్తం ఎత్తు దాదాపు పాతదే ఉండాలి, మోసే బరువు పాతదానికంటే తగ్గకూడదు. ఈ రెండూ వదిలేస్తే ఎంత ఖరీదైన రిమ్ము కొన్నా ఆ డబ్బు దండగే.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- బండి ఓనర్స్ మాన్యువల్, డ్రైవర్ డోర్ తీస్తే పిల్లర్ మీద కనిపించే టైరు సైజు, గాలి స్టిక్కర్ ఫొటో
- టేపు, ఒక స్టీలు స్కేలు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్
- సుద్దముక్క, కొంచెం దారం, దానికి కట్టడానికి ఒక నట్టు (ఎందుకో కింద చెప్తా)
- మంచి టార్చిలైటు
- టార్క్ రెంచ్ (నట్టు ఎంత గట్టిగా బిగిసిందో కొలిచి బిగించే స్పానర్), మీ దగ్గర లేకపోయినా షాపులో ఉందో లేదో ముందే అడగండి
- ట్రయల్ రోజున బండిలో కూర్చోడానికి ఇంట్లోవాళ్లో ఫ్రెండ్సో నలుగురు

1. ఇప్పుడున్న చక్రం వివరాలు మొత్తం రాస్కోండి

టైరు పక్కన 215/60 ఆర్17 96హెచ్ లాగా రాసి ఉంటుంది. 215 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 60 అంటే సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు ఆ వెడల్పులో 60 శాతం, 17 రిమ్ము అంగుళాలు, 96 లోడ్ ఇండెక్స్ (మోసే బరువు కోడ్), హెచ్ అంటే గంటకి 210 కి.మీ. దాకా స్పీడ్ రేటింగ్. చాలామంది మొదటి మూడు నంబర్లే చెప్పి ఆపేస్తారు, అసలు చూడాల్సింది ఆ 96 లాంటి లోడ్ ఇండెక్స్‌నే.

తర్వాత ఒక చక్రం విప్పించి రిమ్ము వెనకవైపు చూడండి. రిమ్ము వెడల్పు (6.5జె, 7జె అని, అంగుళాల్లో), ఆఫ్‌సెట్ (ఈటీ అని పక్కన నంబరు, అదేంటో 5లో చెప్తా) అక్కడ పోత పోసి ఉంటాయి. బ్రేక్ డస్ట్ పట్టేసి ఉంటుంది కాబట్టి తడిగుడ్డతో తుడిచి ఫొటో తీస్కోండి. ఇంటర్నెట్‌లో దొరికే ఫిట్‌మెంట్ లిస్టుల్ని నమ్మి కొనకండి, ఒకే పేరుతో వచ్చే బండికి దేశాన్ని బట్టి, మోడల్ ఇయర్‌ని బట్టి ఈ నంబర్లు మారిపోతుంటాయి. మీ రిమ్ము మీద ఉన్నదే మీకు ప్రమాణం.

2. ఆ పెద్ద సైజు మీ మోడల్‌లోనే కంపెనీ ఇచ్చిందేమో చూడండి

సగం మందికి పని ఇక్కడే అయిపోతుంది. క్రెటాలో కింద వేరియంట్లకి 205/65 ఆర్16, పై వాటికి 215/60 ఆర్17 వస్తాయి, ఎన్ లైన్‌కి 215/55 ఆర్18 ఇచ్చారు. సెల్టోస్ ఎక్స్-లైన్‌కి కూడా ఆ 18 సైజే. ఫార్చ్యూనర్‌లో 265/65 ఆర్17, 265/60 ఆర్18 రెండూ ఉన్నాయి. థార్ కి 245/75 ఆర్16, 255/65 ఆర్18.

అంటే మీ బండి మీద కంపెనీ ఇంజనీర్లు ఆల్రెడీ వేసి, టెస్ట్ చేసి అమ్మిన సైజు ఒకటి దొరికింది, దానికి మించిన సేఫ్ దారి లేదు. పై వేరియంట్ ఒరిజినల్ రిమ్ములు వాడినవి చాలా దొరుకుతాయి, వాళ్లు కొత్త బండి కొనగానే ఫ్యాన్సీ రిమ్ములు వేయించుకుని ఇవి అమ్మేస్తారు. హైదరాబాద్‌లో రాణిగంజ్ వైపు, విజయవాడ ఆటోనగర్‌లో అడిగి చూడండి. వాడినవి కొంటే మాత్రం నాలుగూ బ్యాలెన్సింగ్ మెషీన్ మీద ఎక్కించి తిప్పి చూపించమనండి, పైకీ కిందకీ ఊగుతున్నా పక్కకి వణుకుతున్నా వద్దు. వెల్డింగ్ చేసి పెయింట్ కొట్టిన రిమ్ము అయితే అస్సలు ముట్టుకోవద్దు, లోపలి అంచు వేలితో తడిమితే ఆ గరుకు తెలిసిపోతుంది.

3. చక్రం మొత్తం ఎత్తు లెక్క వేయండి

లెక్క ఈజీయే. టైరు వెడల్పుని శాతంతో గుణిస్తే సైడ్‌వాల్ ఎత్తు, దాన్ని రెండింతలు చేసి, రిమ్ము అంగుళాల్ని 25.4తో గుణించి కలపండి. 215/60 ఆర్17కి సైడ్‌వాల్ 129 మి.మీ., రెండింతలు 258, రిమ్ము 431.8, మొత్తం దాదాపు 690 మి.మీ.

ఆ 690కి ఏవి సరిపోతాయో చూడండి:

- 215/55 ఆర్18: 694 మి.మీ., తేడా సగం శాతం పైచిలుకు, సైడ్‌వాల్ 118
- 235/50 ఆర్18: 692 మి.మీ., దాదాపు సమానం, సైడ్‌వాల్ 117.5
- 225/55 ఆర్18: 705 మి.మీ., రెండు శాతం దాటింది, సైడ్‌వాల్ 124
- 235/45 ఆర్19: 694 మి.మీ., ఎత్తు సరిపోయింది కానీ సైడ్‌వాల్ 106కి పడిపోయింది
- 245/40 ఆర్20: 704 మి.మీ., సైడ్‌వాల్ 98

రెండు శాతం లోపల ఉంటే మంచిది, మూడు దాటితే వదిలేయండి. చక్రం పెద్దదైతే మీటరు తక్కువ చూపిస్తుంది, అంటే మీరు ఇంతకుముందు స్పీడే అనుకుంటారు కానీ బండి అంతకంటే ఎక్కువలో పోతుంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద స్పీడ్ కెమెరాలకి ఆ తేడా చాలు. గేర్లు కూడా కొంచెం పొడుగైనట్టు అనిపిస్తాయి, చిన్న పెట్రోల్ ఇంజన్లలో సిటీ పికప్ తగ్గినట్టు తెలుస్తుంది.

16 నుంచి పైకి వచ్చేవాళ్లు జాగ్రత్త. 205/65 ఆర్16 ఎత్తు 673 మి.మీ. మాత్రమే, దాని నుంచి 215/60 ఆర్17కి వస్తే రెండున్నర శాతం పెరుగుతుంది. అది కంపెనీ ఇచ్చిన సైజే కాబట్టి ఆర్చ్‌లో (బాడీలో చక్రం తిరిగే గూడు) పడుతుంది, మీటరు తేడా మాత్రం మీకు తెలిసి ఉండాలి. కంపెనీ సైజు వద్దు, ఎత్తు మారకూడదు అనుకుంటే 225/55 ఆర్17 తేడా ఒక శాతం లోపే.

ఇప్పుడు సైడ్‌వాల్ సంగతి, నా దృష్టిలో మొత్తంలో ముఖ్యమైంది ఇదే. ఫార్చ్యూనర్ 265/60 ఆర్18 ఎత్తు 775, సైడ్‌వాల్ 159. దానికి 265/50 ఆర్20 వేస్తే ఎత్తు 773, సైడ్‌వాల్ 132 పైన ఇంకా మిగిలే ఉంది. అంటే 20 అంగుళాలు వేసిన ఫార్చ్యూనర్‌కి, 17 మీద తిరిగే క్రెటా కంటే ఎక్కువ రబ్బరు ఉంది! అందుకే పక్కింటాయన ఫార్చ్యూనర్‌కి 20 వేశాడు ఏమీ కాలేదు కదా అని క్రెటాకి 20 వేయించుకుంటే ఆ లెక్క కుదరదు. వర్షాకాలం నీళ్లు నిలిచిన గుంటలో ముప్పై నలభై స్పీడులో పడితే రిమ్ముకీ గుంట అంచుకీ మధ్య ఉన్నది ఆ సైడ్‌వాల్ ఒక్కటే, అది తక్కువుంటే టైరు లోపల దారాలు తెగి పక్కన బుడ్డ లేస్తుంది, లేదా రిమ్ము వంగుతుంది, ఖర్మ కాలితే రెండూ. బుడ్డ లేచిన టైరుకి రిపేరు లేదు, మార్చాల్సిందే.

నా హద్దు ఇది: మీడియం ఎస్‌యూవీలకి 115 మి.మీ. కిందకి దిగొద్దు, ఫార్చ్యూనర్ లాంటి బరువు బండ్లకి 130 కిందకి వద్దు. మీ ఊరి రోడ్డు మట్టిరోడ్డయినా, కాలనీలో స్పీడ్ బ్రేకర్లు గోడల్లా ఉన్నా ఇప్పుడున్న సైజులోనే డిజైన్ నచ్చిన రిమ్ములు తీస్కోండి, లుక్ మారుతుంది, రైడ్ చెడదు.

4. లోడ్ ఇండెక్స్ తగ్గనివ్వకండి

ఆ నంబరు ఒక్కో టైరు ఎన్ని కేజీలు మోస్తుందో చెప్పే కోడ్. 94 అంటే 670 కేజీలు, 95కి 690, 96కి 710, 97కి 730, 99కి 775. ఫార్చ్యూనర్ లాంటి పెద్ద ఎస్‌యూవీల సైజులకి వస్తే 107కి 975, 110కి 1060, 111కి 1090.

రూలు ఒక్కటే, కొత్త టైరు నంబరు పాతదానికి సమానంగా లేదా ఎక్కువగా ఉండాలి. రిమ్ము పెరిగి సైడ్‌వాల్ తగ్గితే లోపల గాలి పట్టే చోటు తగ్గుతుంది, దాంతో ఈ నంబరు కిందకి జారడం మామూలే. ఫార్చ్యూనర్ ఉదాహరణే తీస్కోండి, 18లో 110 ఉంటే అదే బండికి వేసే 265/50 ఆర్20 టైరు 107లోనూ దొరుకుతుంది, 111 ఎక్స్ఎల్ (ఎక్స్‌ట్రా లోడ్, అంటే ఎక్కువ బరువు మోసేలా చేసిన టైరు)లోనూ దొరుకుతుంది. 107 తీస్కుంటే ఒక్కో చక్రానికి 85 కేజీలు తగ్గినట్టు. రేటు కొంచెం ఎక్కువైనా 111 తీస్కోవాల్సిందే, ఏడుగురు ఎక్కి డిక్కీలో సామాను పెట్టి తిరుపతి పోయే బండి అది.

ఎక్స్ఎల్ టైరుకి ఒక విషయం గుర్తుంచుకోండి. మామూలు టైరు తన పూర్తి లోడుని 36 పీఎస్ఐ దగ్గర మోస్తే ఎక్స్ఎల్ 42 దగ్గర మోస్తుంది, కాబట్టి పాత స్టిక్కర్ మీద ఉన్న గాలే పెడితే కొన్నిసార్లు సరిపోదు. టైరు డీలర్‌ని ఆ కంపెనీ లోడ్-ప్రెషర్ చార్ట్ చూసి చెప్పమనండి, మామూలుగా స్టిక్కర్ కంటే రెండు మూడు పీఎస్ఐ పైన ఉంటుంది.

టైరు మీద ఐఎస్ఐ గుర్తు ఉండాలి, డాట్ కోడ్ (టైరు పక్కన DOT అని మొదలయ్యేది) చివరి నాలుగు అంకెలు చూడండి, 2325 అంటే 2025లో 23వ వారం తయారీ. ఆఫర్ అంటూ ఎప్పటిదో పాత స్టాకు అంటగడతారు, నాలుగు టైర్లకీ విడివిడిగా చూడండి, మూడు కొత్తవి పెట్టి ఒకటి పాతది కలిపేవాళ్లూ ఉన్నారు.

5. రిమ్ము వెడల్పు, ఆఫ్‌సెట్

షాపులో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, ఎందుకంటే రిమ్ము బిగించగానే బండికి పట్టేస్తుంది, తిరుగుతుంది, సమస్య తర్వాత బయటపడుతుంది.

మొదట వెడల్పు. ప్రతి టైరు సైజుకీ ఇంత నుంచి ఇంత వెడల్పు రిమ్ము అని ఉంటుంది. 215/55 ఆర్18కి 6 నుంచి 7.5జె, 235/50 ఆర్18కి 6.5 నుంచి 8.5జె. మార్కెట్‌లో డిజైన్ రిమ్ములు ఎక్కువగా 8జెలో వస్తాయి, దాని మీద 215 టైరు సాగదీసి ఎక్కిస్తారు. అలా చేస్తే రిమ్ము అంచు టైరు కంటే బయటికొస్తుంది, పార్కింగ్‌లో ఫుట్‌పాత్‌కి మొదట తగిలేది రిమ్మే. 8జె రిమ్మే కావాలంటే 235 టైరు తీస్కోండి, 215 టైరే కావాలంటే 7 లేదా 7.5జె వెతకండి.

ఇక ఆఫ్‌సెట్. రిమ్ము వెడల్పులో సరిగ్గా మధ్య గీత నుంచి, హబ్‌కి (బండివైపు చక్రం బిగించే భాగం) ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటివైపుకి ఉందో చెప్పేదే ఈటీ నంబరు. నంబరు తగ్గితే చక్రం బయటికొస్తుంది, పెరిగితే లోపలికి పోతుంది. లెక్క ఇలా వేయండి: మీ పాత రిమ్ము 7జె ఈటీ45, కొత్తది 8జె ఈటీ38 అనుకుందాం. వెడల్పు ఒక అంగుళం పెరిగింది, అంటే రెండు వైపులా 12.7 మి.మీ. చొప్పున. ఆఫ్‌సెట్ 7 తగ్గింది కాబట్టి బయటివైపు 12.7 కి 7 కలిపితే 19.7 మి.మీ. బయటికొచ్చింది, లోపలివైపు 12.7 లోంచి 7 తీసేస్తే 5.7 మి.మీ. షాక్ అబ్జార్బర్ వైపు జరిగింది.

బయటికి పది మి.మీ. దాకా చాలా బండ్లలో గొడవ ఉండదు. ఇరవై అంటే ఆలోచించాలి, చక్రం బయటికి జరిగే కొద్దీ బేరింగ్ మీద, బాల్ జాయింట్ల మీద భారం పెరుగుతుంది, స్టీరింగ్ గుంటల్లో లాగుతుంది, టైరు ఫెండర్ (చక్రం పైన ఉన్న బాడీ భాగం) దాటితే బురదంతా డోర్ల మీదకే. లోపలివైపు అయితే మూడు మి.మీ. కూడా కొలిచి చూడాల్సిందే. ఇప్పుడున్న టైరుకీ షాక్ అబ్జార్బర్‌కీ మధ్య ఎంత ఖాళీ ఉందో స్కేలు పెట్టి చూడండి, కొత్త చక్రం వేశాక కనీసం ఐదారు మి.మీ. మిగలాలి.

ఆఫ్‌సెట్ సరిపోకపోతే స్పేసర్ పెట్టేద్దాం అంటారు. రోజూ తిరిగే ఫ్యామిలీ బండికి స్పేసర్ వద్దనే చెప్తా, ఇంకో రిమ్ము వెతకండి.

6. పీసీడీ, సెంటర్ బోర్, నట్లు

పీసీడీ అంటే బోల్టులు ఎన్ని, ఎంత వ్యాసం ఉన్న వృత్తం మీద ఉన్నాయి అని. క్రెటా, సెల్టోస్, బ్రెజ్జా, ఇన్నోవా క్రిస్టా 5×114.3, థార్, ఫార్చ్యూనర్ 6×139.7. ఇందులో దగ్గర దగ్గర అనే మాట లేదు. 5×112 రిమ్ము 5×114.3 హబ్‌కి బలవంతంగా ఎక్కుతుంది, నట్టు వంకరగా కూర్చుంటుంది, కొన్నాళ్లకి వదులవుతుంది. కన్నాలు పూడ్చి కొత్త పీసీడీకి డ్రిల్ కొట్టిస్తాం అన్నా ఒప్పుకోకండి.

సెంటర్ బోర్ మధ్యలో ఉన్న పెద్ద కన్నం. హ్యుందాయ్, కియా హబ్ 67.1 మి.మీ., బ్రెజ్జా, క్రిస్టా 60.1, ఫార్చ్యూనర్ 106.1. బయట ఐదు బోల్టుల రిమ్ములు ఎక్కువ కార్లకి పట్టాలని చాలావరకు 73.1తో చేస్తారు, అప్పుడు మధ్యలో ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో హబ్ రింగ్ పెట్టాలి, క్రెటాకైతే 73.1 నుంచి 67.1 రింగ్. చిన్న వస్తువు, షాపువాళ్లు అడిగితేగానీ ఇవ్వరు. హైవే మీద ఎనభై దాటగానే స్టీరింగ్ వణుకుతోంది, మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా పోలేదు అనేవాళ్లలో చాలామందికి కారణం ఈ రింగ్ లేకపోవడమే. రిమ్ము బోర్ హబ్ కంటే చిన్నదైతే మాత్రం అసలు కూర్చోదు, అక్కడితో ఆపేయండి.

నట్లు కూడా చూడాలి. బయట రిమ్ములకి ఎక్కువగా కోన్ ఆకారం నట్లు పడతాయి, టయోటా ఒరిజినల్ అలాయ్‌లలో చాలావాటికి వాషర్ ఉన్న ఫ్లాట్ నట్లు వస్తాయి. ఆ ఫ్లాట్ నట్లు కోన్ సీటున్న రిమ్ముకి వాడకూడదు. నట్టు చేత్తో తిప్పితే ఎన్ని చుట్లు పడుతోందో లెక్కపెట్టండి, ఎం12×1.5 స్టడ్‌కి (నట్టు ఎక్కే 12 మి.మీ. బోల్టు) కనీసం ఎనిమిది చుట్లు పట్టాలి. పాత నట్లు పారేయకండి, స్టెప్నీ పాత రిమ్మే అయితే రోడ్డు మీద దాన్ని వేసేటప్పుడు అవే కావాలి. కొత్త నట్లకి స్పెషల్ కీ ఉంటే అది బండిలోనే ఉంచండి, ఇంట్లో బీరువాలో కాదు.

7. రిమ్ము క్వాలిటీ, బరువు

వెనకవైపు జేడబ్ల్యూఎల్, వీఐఏ గుర్తులు (జపాన్ రిమ్ము టెస్టుల ముద్రలు) ఉన్నాయా, ఎన్ని కేజీల లోడుకి చేశారో (690 కేజీ లాగా) పోత పోసి ఉందా చూడండి. ఆ లోడు మీ పాత టైరు లోడ్ ఇండెక్స్ కేజీల కంటే తక్కువ ఉండకూడదు. స్టిక్కర్ అంటించారు, పోత లేదు అంటే వదిలేయండి, పేరున్న డిజైన్‌కి కాపీ కొట్టిన సస్తా రిమ్ముల్లో ఇలాంటివే ఎక్కువ.

బాత్రూమ్ స్కేలు మీద పాత రిమ్ము, కొత్త రిమ్ము రెండూ టైరు లేకుండా తూయించండి. సైజు పెరిగితే కొంచెం బరువు పెరగడం సహజం, కానీ ఒక్కో రిమ్ముకి రెండు కేజీల పైన పెరిగితే పికప్, బ్రేకింగ్, మైలేజీ, రైడ్ అన్నిటిలో తేడా తెలుస్తుంది. బడ్జెట్ ఉంటే ఫ్లో ఫార్మ్‌డ్ (పోత పోశాక అంచుని వేడిలో రోలర్లతో నొక్కి చేసినవి) తీస్కోండి, మామూలు కాస్ట్ (పోత) రిమ్ము కంటే తేలికగా, గట్టిగా ఉంటాయి. ఫోర్జ్‌డ్ (అల్యూమినియం దిమ్మని నొక్కి చేసినవి) ఇంకా మంచివే కానీ ఈ వాడకానికి ఆ ఖర్చు అవసరం లేదనుకుంటా, ఆ డబ్బు మంచి టైర్ల మీద పెట్టండి.

8. డబ్బు మొత్తం కట్టకముందే ట్రయల్ వేయించండి

అడ్వాన్సు ఇచ్చేటప్పుడే మాట్లాడుకోండి, ముందు ఒక చక్రం, వెనక ఒక చక్రం టైరుతో సహా వేసి చూస్తా, పట్టకపోతే వెనక్కి అని. రాసిచ్చే షాపులోనే కొనండి. అప్పుడు ఇలా చూడండి:

జాకీ మీద ఉండగానే చక్రం చేత్తో తిప్పండి, బ్రేక్ క్యాలిపర్‌కీ రిమ్ము ఆకులకీ మధ్య కనీసం మూడు మి.మీ. ఉండాలి. బ్యాలెన్సింగ్ సీసం లోపల అంటిస్తారు, దానికీ చోటుండాలి.

కిందకి దించి స్టీరింగ్ పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పి టార్చి వేసి ఆర్చ్ లోపలి ప్లాస్టిక్ లైనర్, షాక్ అబ్జార్బర్, వెనక మడ్ ఫ్లాప్ చూడండి.

ఫెండర్ పై అంచు నుంచి నట్టు కట్టిన దారం వేలాడదీయండి. టైరు ఆ దారానికి లోపలే ఉండాలి. తాకుతున్నా, బయటికి నెడుతున్నా ఆఫ్‌సెట్ తప్పు.

ఇప్పుడు నలుగురిని ఎక్కించండి, డిక్కీలో బరువు పెట్టండి. టైరు భుజం (రోడ్డుకి ఆనే భాగం సైడ్‌వాల్‌తో కలిసే అంచు) చుట్టూ, లోపలా బయటా, సుద్దముక్కతో మందంగా రుద్దండి. షాపు దగ్గర్లో ఒక స్పీడ్ బ్రేకర్, ఒక యూటర్న్, వీలైతే ఒక చక్రం ర్యాంపు ఎక్కేలా ఐమూలగా పోనివ్వండి, మెల్లగానే. తిరిగొచ్చి చూస్తే సుద్ద ఎక్కడన్నా చెరిగిందా, లైనర్ మీద తెల్ల గీత పడిందా తెలిసిపోతుంది. ఖాళీ బండితో ట్రయల్ వేస్తే అది ట్రయల్ కాదు, వెనక సీట్లో మనుషులు కూర్చున్నప్పుడే వెనక ఆర్చ్ రాసుకునేది.

రాసుకుంటే లైనర్ కోస్తాం, ఫెండర్ అంచు మడతపెడతాం, స్ప్రింగుల్లో రబ్బరు బఫర్లు పెడతాం అంటారు. ఒప్పుకోకండి, ఒక సైజు చిన్న టైరో, వేరే ఆఫ్‌సెట్ రిమ్మో తీస్కోండి.

9. బిగించే రోజు

హబ్ మీద తుప్పు ఉంటే వైర్ బ్రష్‌తో గీకించండి, రింగ్ పెట్టించండి, నట్లు ముందు చేత్తో తిప్పించి తర్వాత ఎదురెదురుగా బిగించమనండి. చివరి బిగింపు గన్‌తో వద్దు, టార్క్ రెంచ్‌తోనే. హ్యుందాయ్, కియాలకి 11 నుంచి 13 కేజీఎఫ్-మీటర్లు, అంటే 107 నుంచి 127 న్యూటన్ మీటర్లు, మిగతా బండ్లకి మాన్యువల్‌లో ఉంటుంది. టీపీఎంఎస్ (టైర్లలో గాలి ఎంతుందో చూపించే) సెన్సర్లు పాత రిమ్ముల్లోంచి కొత్తవాటికి మార్పించండి, మర్చిపోతే డ్యాష్‌లో లైటు వెలుగుతూనే ఉంటుంది, రిమ్ము వాల్వ్ కన్నానికి ఆ సెన్సర్ పడుతుందో లేదో ట్రయల్‌లోనే చూస్కోండి. తర్వాత బ్యాలెన్సింగ్, వీల్ అలైన్‌మెంట్, ప్రింటవుట్ తీస్కోండి.

స్టెప్నీ ఎత్తు కొత్త చక్రాలతో ఒక శాతం తేడాలో ఉంటే పంక్చర్ అయినప్పుడు ఇబ్బంది లేదు. తేడా ఎక్కువుంటే దాన్ని షాపు దాకా వెళ్లడానికే వాడండి, ఫోర్ బై ఫోర్ బండైతే ఆ చక్రంతో ఫోర్ వీల్ మోడ్ వేయకండి.

10. కాగితాల పని

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండి మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. మీ మోడల్ పై వేరియంట్‌లో ఉన్న సైజే వేస్తే అడిగినప్పుడు చూపించడానికి కంపెనీ బ్రోషర్ ఉంటుంది, ఫెండర్ దాటి బయటికొచ్చిన టైర్లకి చూపించడానికి ఏమీ ఉండదు. ఇన్సూరెన్స్ వాళ్లకి బిల్లుతో సహా చెప్పి నాన్-ఎలక్ట్రికల్ యాక్సెసరీల కింద ఎక్కించండి, చెప్పకపోతే యాక్సిడెంట్ అయినప్పుడు ఆ రిమ్ముల డబ్బు రాదు, క్లెయిమ్ మొత్తానికే పేచీ పెట్టొచ్చు. వారంటీలో ఉన్న బండైతే సస్పెన్షన్, బేరింగ్ క్లెయిమ్‌లు ఒప్పుకుంటారా అని సర్వీస్ సెంటర్‌లో ముందే అడగండి.

ఎక్కువమంది చేసే తప్పులు

రిమ్ము మీద డబ్బంతా పెట్టేసి టైర్లకొచ్చేసరికి చీప్‌వి వేయడం. రోడ్డుకి ఆనేది టైరు, బ్రేకు పట్టేది టైరు, వాననీళ్లలో నిలబెట్టేదీ అదే. ముందు టైరు బ్రాండు, సైజు ఫిక్స్ చేసి, మిగిలిన డబ్బులో రిమ్ము చూడండి.

టైరు దొరుకుతుందో లేదో చూడకపోవడం కూడా ఉంది. అరుదైన సైజు వేస్తే కర్నూలు దగ్గర హైవేలో టైరు పగిలినప్పుడు ఆ సైజు ఎక్కడా ఉండదు, హైదరాబాద్ నుంచి తెప్పించుకోవాలి. మీ ఊళ్లో మూడు నాలుగు షాపులకి ఫోన్ చేసి కనీసం రెండు బ్రాండ్లలో స్టాకు ఉంటేనే ఆ సైజు అనుకోండి.

రైడ్ గట్టిగా ఉందని గాలి తగ్గించడం మూడోది, ఇది ప్రమాదం. సన్న సైడ్‌వాల్ టైరులో గాలి తగ్గితే గుంటలో రిమ్ముకి నేరుగా దెబ్బ. గాలి వారానికోసారి, చల్లగా ఉన్నప్పుడు చూడండి.

సరిగ్గా కుదిరిందో లేదో ఇలా తెలుసుకోండి

- 50 నుంచి 100 కి.మీ. తిరిగాక నట్లు మళ్లీ టార్క్ చెక్ చేయించండి. ఇది వదలకండి.
- ఖాళీ హైవేలో 80, 100 స్పీడుల్లో స్టీరింగ్ వణికితే ముందు హబ్ రింగ్, తర్వాత బ్యాలెన్సింగ్ చూడండి. సీట్లో వణుకు తెలిస్తే వెనక చక్రాలు.
- ఫోన్ జీపీఎస్ స్పీడు, మీటరు స్పీడు పోల్చండి. మీటరు కంటే జీపీఎస్ ఎక్కువ చూపిస్తే చక్రం మరీ పెద్దదైంది.
- వెయ్యి కి.మీ. తర్వాత చక్రాలు విప్పించి లైనర్ మీద మెరుస్తున్న గీతలు, టైరు లోపలి భుజం మీద ఒకవైపు అరుగుదల, సైడ్‌వాల్ మీద బుడ్డలు వెతకండి. చేత్తో తడిమితే కంటికి కనపడనివి తెలుస్తాయి.
- మైలేజీ ట్యాంకు టు ట్యాంకు చూసేటప్పుడు చక్రం ఎత్తు తేడా కలుపుకోండి. రెండు శాతం పెద్ద చక్రమైతే ఓడోమీటర్ రెండు శాతం తక్కువ లెక్కపెడుతుంది.

పాత రిమ్ములు, టైర్లు వెంటనే ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేయకండి. ఒక వర్షాకాలం కొత్తవాటి మీద తిరగండి, రైడ్ ఇంట్లో పెద్దవాళ్లకి ఇబ్బందిగా ఉందో లేదో అప్పటికి తెలుస్తుంది. ఉంటే పాతవి మళ్లీ వేస్కోవచ్చు, బాగుంటే అప్పుడు అమ్మండి, అప్పటిదాకా గాలి కొంచెం ఉంచి నీడలో ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టి దాచండి.